గుమ్మం ముందు 37 చుక్కలు

మార్గశిరం వచ్చిందంటే ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో తెల్లారి ఐదింటికి తలుపు తీస్తే ఎదురింటి గేటు కూడా కనపడదు, కొండల వైపు నుంచి మంచు దిగిపోయి వీధంతా పాలు ఒలికినట్టు ఉంటుంది. కళ్ళకి పని లేదు కాబట్టి చెవులకి అన్నీ వినపడతాయి. ఎవరో బకెట్లో చెయ్యి ముంచి కళ్ళాపి చల్లుతున్న చప్పుడు, ఈనెల చీపురు నేల మీద బరబరలాడటం, దూరంగా గుణుపురం లైన్లో రైలు కూత. చిన్నప్పటి నుంచి వింటున్నవే ఇవన్నీ, కాని మంచం మీద దుప్పటి లోపలి నుంచి విన్నవి. ఆ చీపురు పట్టుకున్న చెయ్యి ఆ తర్వాత ఏం చేస్తుందో 44 ఏళ్ళు వచ్చేదాకా నేను దగ్గరుండి చూడలేదు.

పోయిన ఏడాది కార్తీకం వెళ్ళిపోయే రోజుల్లో మా అమ్మ పెరట్లో జారిపడింది, కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. నొప్పికి ఒక్కసారి కూడా గట్టిగా అరవలేదు గాని మూడోరోజు పొద్దున్న గడప మీద కూర్చుని వీధి వైపు చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నొప్పి పుడుతుందేమో అని మాత్ర తెచ్చిస్తే పక్కన పెట్టేసి అంది కదా, "చెయ్యి కాదురా. గుమ్మం చూడు ఎలగున్నాదో. ఎవరో పోయిన ఇంటికే ముగ్గుండదు నాన్నా."

అప్పుడు చూశాను. వీధిలో అన్ని గుమ్మాల ముందూ తెల్లగా ఏదో ఒకటి ఉంది, మా ముందు మాత్రం బూడిదరంగు సిమెంటు. రోజూ దాని మీంచే కదా బండి తీసుకుని వెళ్తాను, మూడు రోజులుగా అక్కడ ముగ్గు లేదన్న సంగతి నాకు తెలియలేదు, అంతకు ముందు ఉన్న సంగతీ తెలియలేదు, అదే నిజం.

మా ఆవిడ టీచరు, గుమ్మ బ్లాకులో కొండ మీద ఊళ్ళో డ్యూటీ, ఆరున్నర బస్సు అందుకోవాలి, ఆ టైములో ఆమెకి ఊపిరి తీసుకునే ఖాళీ ఉండదు. పాప చదువుకి వైజాగ్‌లో ఉంది. నేను ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తాను, తొమ్మిదిన్నరకి వెళ్తే చాలు. ఇంట్లో పొద్దున్నపూట ఖాళీగా ఉన్న మనిషిని నేనే, ఆ ఖాళీలో నేను చేసే పని మంచం మీద పడుకుని ఫోన్ చూడటం. మెలకువ రాగానే మొదట చెయ్యి దాని మీదకే వెళ్ళేది, గంటసేపు చూసేవాణ్ణి, లేచాక ఏం చూశావని ఎవరైనా అడిగితే ఒక్కటి కూడా గుర్తుండేది కాదు, తల మాత్రం బరువుగా ఉండేది. "రేపు నేను వేస్తానమ్మా" అన్నాను. అమ్మ నవ్వలేదు, కాదనలేదు. "అయితే ఐదింటికి లెగు" అంది, అంతే.

బయటి నుంచి చూస్తే ముగ్గు వెయ్యడం సులువే అనిపిస్తుంది. మొదట నేల. సిమెంటు మీద నీళ్ళు కొట్టి వెంటనే వేస్తే పిండి ముద్దలు కడుతుంది, పూర్తిగా ఆరిపోతే గాలికి లేచిపోతుంది, తడి ఆరీ ఆరకుండా ఉండే ఒక పదినిమిషాలు ఉంటాయి, ఆ పదినిమిషాల్లోనే వెయ్యాలి. ఎప్పుడొస్తాయి అంటే గడియారం చెప్పదు, మంచు ఎక్కువున్న రోజు ఒకలాగ, గాలున్న రోజు ఇంకోలాగ, అరికాలు నేలకి ఆనిస్తే తెలుస్తుంది. చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి తడి ఎంత ఉందో కాలితో చూడటం, ఇది నేను ఎన్నేళ్ళ తర్వాత చేశానో చెప్పలేను.

తర్వాత చెయ్యి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టుకుని బొటనవేలు నెమ్మదిగా కదుపుతూ వదలాలి, పిండి దారంలాగ పడాలి. వేళ్ళు బిగిస్తే గీత ఆగిపోతుంది, వదిలేస్తే కుప్ప పడుతుంది. అమ్మ గడప మీద కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని "బేగి కదుపు, ఆగిపోకు, ఆగిపోతే బొట్టు పడిపోద్ది" అనేది. మొదటి వారం నా గీతలన్నీ బొట్లే. ఒకరోజు ఉన్నట్టుండి గీత సన్నగా, మూర పొడుగు ఎక్కడా తెగకుండా పడింది, ఏం మారింది అని చూసుకుంటే ఆ మూరంతా నేను ఊపిరి మెల్లగా వదులుతూ ఉన్నాను. ఊపిరి బిగబట్టినప్పుడే చెయ్యి బిగుస్తోంది అన్నమాట. మరుసటి రోజు కావాలని అలా చేసి చూశాను, మళ్ళీ పడింది. అమ్మకి చెబితే "అవును మరి" అంది, ఆమెకి అది కొత్త సంగతి కాదు కాబోలు.

మైండ్‌ఫుల్‌నెస్ అని ఫోన్లో ఒక యాప్ పెట్టుకుని కొన్నాళ్ళు కూర్చున్నాను ఆ ముందు ఏడాది, ఊపిరిని గమనించండి అని గొంతు వస్తుంది, దానివల్ల బాగుపడ్డవాళ్ళు ఉన్నారు, వాళ్ళని చూశాను కూడా, నాకు మాత్రం కళ్ళు మూసుకుంటే ఆఫీసు లెక్కలే వచ్చేవి. చేతిలో పిండి ఉంటే రావు. చెయ్యికి పని ఉండాలి, కంటికి పని ఉండాలి, అప్పుడు మనసు వచ్చి వాటి పక్కన కూర్చుంటుంది, నా మనసు అలాంటిది.

చుక్కల దగ్గరకి వస్తాను, ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. అమ్మ నాకు మొదట నేర్పింది సందు చుక్క, 7 నుంచి 4. మధ్యలో 7 చుక్కల వరస, దాని పైన సందుల్లో 6, ఆపైన 5, ఆపైన 4, కిందకీ అలాగే. మొత్తం 37. ఒక్క చుక్క పక్కకి జరిగితే చివర్లో గీత కలవదు, ఎక్కడ జరిగిందో వెతకాలంటే మొదటి నుంచి రావాలి, అకౌంట్లలో కూడా అంతే కదా. మెలిక ముగ్గుల్లో ఇంకో అందం ఉంది. ఎదురు చుక్కలు 3 వరసల్లో 4 చొప్పున పెట్టి చుట్టూ మెలికలు తిప్పుకుంటూ వెళ్తే ఒకే ఒక్క గీత అన్ని చుక్కలనీ చుట్టి బయల్దేరిన చోటుకే వచ్చేస్తుంది. 4 కి 4 పెడితే మాత్రం రాదు, 4 వేరు వేరు గీతలు అవుతాయి. 4 కి 6 పెడితే 2. నేను కాగితం మీద వేసి చూసుకున్నాను, రెండు అంకెల గసాభా ఎంతో అన్ని గీతలు వస్తాయి, లెక్కల వాళ్ళు దీన్ని రుజువు చేసి పెట్టారు కూడా. మా అమ్మ ఐదో క్లాసు వరకే చదివింది, గసాభా పేరు విని ఉండదు, కాని చుక్కలు చూడగానే "ఇది ఒక్క గీతలో రాదురా, మూడు అవుతాది" అని చెప్పేస్తుంది. ఎలా చెప్పావంటే "కనపడతంది కదా" అంటుంది. ఏళ్ళ తరబడి రోజూ నేల వైపు చూసిన కళ్ళవి.

పిండి సంగతి చెప్పాలి. బజార్లో దొరికే ముగ్గుపిండి రాయి పొడి, గీత బాగా పడుతుంది, తెల్లగా ఉంటుంది. అమ్మ దాన్లో సగానికి సగం బియ్యప్పిండి కలుపుతుంది. ఉత్త బియ్యప్పిండితో గీత సరిగా జారదు, రాయి పొడి ఒక్కటే వేస్తే ఆమెకి మనసొప్పదు. మధ్య చుక్క మాత్రం ఉత్త బియ్యప్పిండే, రాయి కలవనివ్వదు. "అది చీమలది" అంది అడిగితే.

చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్న మాటే, చీమలకి పిచ్చుకలకి ఆహారం అని. కాని ఆ మధ్య చుక్క దగ్గర కూర్చుని చూడటం వేరు. ఎండ కాస్త పొడిచాక, ఏడు దాటాక, తులసికోట అడుగున సిమెంటు పగులులోంచి ఒక చీమ వస్తుంది, నల్ల చీమ, చిన్నది. మీసాలతో గీతని తడుముతుంది, రాయి పొడి అయితే వదిలేసి ముందుకెళ్తుంది, మళ్ళీ తడుముతుంది. బియ్యప్పిండి తగిలిందా, నలక పట్టుకుని వెనక్కి వెళ్ళిపోతుంది, కాసేపటికి అదే దారిలో పదీ ఇరవై వస్తాయి. దారిలో అవి వాసన వదులుకుంటూ వెళ్తాయి, వెనకవాళ్ళు దాన్ని పట్టుకుని వస్తారు. ఒకసారి తెలియక నా వేలు ఆ దారికి అడ్డంగా రాసుకుపోతే వెనకొచ్చినవన్నీ అక్కడే ఆగి అటూ ఇటూ తిరిగాయి, ఒక నిమిషం పైగా పట్టింది మళ్ళీ దారి కలుపుకోవడానికి. ఆ నిమిషం నాకు చాలా బాధగా ఉంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే బండి చక్రాలు తొక్కేసిన చోట ముగ్గు చెరిగిపోయి ఉంటుంది, మధ్య చుక్క మాత్రం చెరిగినట్టు ఉండదు, ఎవరో ఎత్తి తీసుకుపోయినట్టు పూర్తిగా మాయమైపోయి ఉంటుంది.

అప్పటి నుంచి మా గుమ్మం ముందు ఆరడుగుల నేల నాకు ఒక ఊరిలాగ అయిపోయింది. పగులులో గరిక మూడు పోచలు, దాన్లో ఒకటి ఎప్పుడూ ఎడమకే వంగుతుంది. మునగచెట్టు ఆకులు రాలి తడి సిమెంటు మీద అంటుకుంటే చీపురుకి రావు, వేలితో తియ్యాలి, తీసేటప్పుడు చూస్తే ఆ ఈనె మీద చిన్న ఆకులు ఎదురెదురుగా రెండేసి, చివర ఒకటి. ఆ రోజు ముగ్గు అంచుకి అదే వేశాను, పుస్తకంలో లేదు, యూట్యూబ్‌లో చూడలేదు, వేలికి అంటుకున్న ఆకుని చూసి వేశాను. నేను ఏదైనా సొంతంగా గీయగలను అని నాకు తెలిసిన రోజు అది. స్కూల్లో డ్రాయింగ్ క్లాసులో చెంబు గియ్యమంటే వంకరగా వచ్చిందని పుస్తకం విసిరేశారు, అప్పటి నుంచి బొమ్మలు మనకి రావు అనుకుని ఆ తలుపు మూసేశాను, ముప్పై అయిదేళ్ళు. ఎంతమంది ఇలా మూసుకుని ఉంటారో అని ఇప్పుడు అనిపిస్తుంది.

పక్కింటి మావుసీ, అంటే పిన్ని, ఒడియా వాళ్ళు. నేను ముగ్గేస్తుంటే మొదటి రెండు రోజులు గేటు దగ్గర నిలబడి చూసింది, మూడో రోజు "భలొ హెలా" అంది, బాగా వచ్చింది అని. మార్గశిరంలో గురువారం గురువారం వాళ్ళకి మాణబసా, లక్ష్మీదేవి పూజ, కొత్త ధాన్యం మాణం అనే కొలపాత్రలో నింపి పెట్టి పూజ చేస్తారు. మనవాళ్ళు ఈ వైపంతా గురువారాన్ని లక్ష్మివారం అనే అంటాం కదా, శ్రీకాకుళం వైజాగ్ అంతా మార్గశిర లక్ష్మివారాలు చేస్తారు, అదే నెల అదే వారం అదే అమ్మవారు, మధ్యలో గోడ ఒక్కటే అడ్డం. వాళ్ళ ముగ్గుని ఝోటి అంటారు. బియ్యం నానబెట్టి రుబ్బి పల్చగా కలుపుతారు, దాన్ని పిఠౌ అంటారు, వేళ్ళు ముంచి నేల మీద గీస్తారు. మనది పొడి, వాళ్ళది తడి. గీసినప్పుడు సరిగా కనపడదు, నీళ్ళలాగ ఉంటుంది, ఆరుతూ ఉంటే మెల్లగా తెలుపు పైకొస్తుంది, ఫోటో కడిగేటప్పుడు బొమ్మ వచ్చినట్టు. వీధి గుమ్మం నుంచి పూజ గది దాకా చిన్న చిన్న లక్ష్మి పాదాలు, గోడ మీద వరికంకులు. ఆ పాదాలు ఎలా వేస్తారో మావుసీ నాకు చూపించింది, పిడికిలి ముంచి పక్కవాటుగా నేలకి అద్ది పైన వేలికొసతో అయిదు చుక్కలు. ఆమె పిడికిలితో వేస్తే చిన్నపిల్ల పాదంలాగ ఉంది, నాది పెద్దది కదా, "ఇది అమ్మవారిది కాదు, జగన్నాథుడిది" అని నవ్వింది, సగం ఒడియా సగం తెలుగు, మా ఊళ్ళో మాట్లాడుకునే భాష అదే.

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం మా ఆవిడతో కొండ మీదకి వెళ్ళాను. ఆమెతో పనిచేసే ఒక టీచరు, ఈ కొండల్లో ఉండే సవర గిరిజనుల ఆయన, వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. తిన్నాక వాళ్ళ పెదనాన్న గారి ఇల్లు చూపించారు, పాత ఇల్లు, లోపల చీకటి, పొయ్యి పొగ వాసన. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక గోడ కనపడింది. ఎర్రమట్టి పూసిన గోడ, దాని మీద తెల్లగా బొమ్మలు. చుట్టూ చట్రంలాగ గీత, లోపల వరసగా చేతులు పట్టుకుని ఆడేవాళ్ళు, ఏనుగు, గుర్రం మీద మనిషి, సూర్యుడు, చంద్రుడు, ఒక చెట్టు, చెట్టు నిండా పిట్టలు. ఇడితాల్ అంటారు. ఏంటి తెలుపు అని అడిగితే బియ్యప్పిండే అన్నారు, చివర నలిపిన వెదురుపుల్లతో వేస్తారట. నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. మా అమ్మ పిండి, మావుసీ పిఠౌ, ఇదీ, మూడూ అవే బియ్యం.

"బాగా వేశారండీ బొమ్మ" అన్నాను పెద్దాయనతో. ఆయన తల అడ్డంగా ఊపాడు. "బొమ్మ కాదు బావూ, ఇల్లు. మా పెద్దోళ్ళు వచ్చి కూకోడానికి." ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, ఎవరైనా పోయినా, పంట కోసమైనా వేస్తారట, ఏం వెయ్యాలో కలలో తెలుస్తుందట, వేశాక పూజారి వచ్చి పెద్దల్ని పిలిచి అందులో ఉండమంటాడట. ఫోన్ జేబులోంచి తియ్యబోయి ఆగిపోయాను, ఎవరింట్లోకో తొంగిచూసి ఫోటో తీసినట్టు ఉంటుంది కదా. ఇప్పుడు చాలా ఊళ్ళల్లో పూజలు మారాయి, మట్టి గోడలు పోయి సిమెంటు వచ్చింది, గోడ మీద ఇడితాల్ తగ్గిపోయి గుడ్డల మీద, కాగితాల మీద అమ్మకానికి వేసేవి పెరిగాయి. 2024 లో లంజియా సవర చిత్రకళకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతానిదే అన్న గుర్తింపు, కూడా వచ్చింది, దానివల్ల వేసేవాళ్ళకి నాలుగు డబ్బులొస్తే మంచిదే, రావాలి కూడా. కాని నేను ఆ గోడ ముందు నిలబడి చూసినది అమ్ముడయ్యే చోట ఉండదు.

తిరిగొచ్చే బస్సులో గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. మా పర్లాకిమిడిలోనే రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, ఈ కొండల్లోంచి వచ్చే సవరల మాటలు విని విని, వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పాటలు కథలు రాసుకుని, నిఘంటువులు తయారు చేసిన మనిషి. 1863 లో పుట్టి 1940 లో పోయారు, ఆయన పుట్టిన ఆగస్టు 29 నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, నాకు మాత్రం ఆ సవర మాటలు వింటూ కూర్చున్న ఆయనే ఎక్కువ కనపడతారు. సంతకి అడ్డాకులు, కొండచీపుళ్ళు, అల్లం మోసుకొచ్చే వాళ్ళ దగ్గర ఊరంతా బేరాలు ఆడుతుంటే ఆయన కూర్చుని వాళ్ళ మాట ఎలా పలుకుతుందో విన్నారు. సంతలో నేనూ వాళ్ళ దగ్గర ఎన్నిసార్లు కొన్నానో, ఎంత అని తప్ప ఇంకో మాట అడగలేదు ఇన్నేళ్ళూ. ఈ మధ్య అడుగుతున్నాను. ఏ ఊరు, ఈ ఏడు పసుపు ఎలా ఉంది, వాన పడిందా అని. ఒకావిడ చీపురు గడ్డి ఎప్పుడు కోస్తే పువ్వు రాలదో చెప్పింది, నేను అడగకుండానే.

ధనుర్మాసం నెలంతా వేశాను. గొబ్బెమ్మలు అమ్మ ఎడమచేత్తో చేసింది, గుమ్మడిపువ్వులు మావుసీ వాళ్ళ పాదు నుంచి. కొన్ని రోజులు బాగా రాలేదు, ఒకరోజు మంచుకి మొత్తం కరిగిపోయింది, ఒకరోజు వేస్తుండగానే ఆవు వచ్చి నడుచుకుంటూ వెళ్ళిపోయింది, మొదట్లో కోపం వచ్చేది, తర్వాత రాలేదు. పొద్దున్నే వేసినది మధ్యాహ్నానికి పోతుంది అని ముందే తెలిసి వేస్తాం కదా, లైకులు లేవు, దాచుకోవడం లేదు, రేపు మళ్ళీ ఖాళీ నేల ఉంటుంది.

కనుమ నాడు రథం ముగ్గు. రథానికి తాడు గీసి దాన్ని పక్కింటి ముగ్గుకి కలపాలి, వాళ్ళు వాళ్ళ తాడు ఆ పక్కింటికి, అలా వీధి చివరి దాకా. నేను తాడు గీసుకుంటూ మావుసీ గుమ్మం దాకా వెళ్ళాను. అక్కడ రథం ఉండదు కదా, ఏం చెయ్యాలో తెలియక ఆగితే ఆమె లోపలికెళ్ళి గిన్నెలో పిఠౌ తెచ్చి నా పొడి గీత చివర పట్టుకుని తడి గీతతో తన గడప దాకా తీసుకెళ్ళింది. కలిసిన చోట కాసేపు సగం గీత తెల్లగా, సగం నీళ్ళలాగ ఉంది. ఆరాక ఎక్కడ కలిసిందో నేను వెతికినా దొరకలేదు.

అమ్మ కట్టు విప్పేశారు. చెయ్యి వంగుతుంది గాని రెండు వేళ్ళ మధ్య పిండి పట్టు నిలవడం లేదు, ఇంక అంతేనేమో అని ఆమే అంది, దిగులుగా కాదు. ఈ ఏడు మళ్ళీ మార్గశిరం వచ్చింది. ఐదింటికి నేను నేల తుడిచి నీళ్ళు కొట్టి కాలితో తడి చూస్తాను, తయారయ్యింది అనగానే అమ్మ గడప దిగి వస్తుంది, అరచేతిలోకి ఉత్త బియ్యప్పిండి తీసుకుని మూడు వేళ్ళతో మధ్య చుక్క పెడుతుంది. మిగతా 36 నేను పెడతాను. రేపు లక్ష్మివారం, మావుసీ బియ్యం నానబెట్టేసిందట, పాదాలు వెయ్యడానికి నన్నూ రమ్మంది.